పురిటి పక్షుల ఖర్చు

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, చిలమత్తూరు దగ్గర వీరాపురంలోనూ ఎర్రకాళ్ల కొంగలు ఏటా చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. తేలినీలాపురంలో గూడబాతులూ వాటితో చేరతాయి. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచులని ఊళ్లవాళ్లు వాటిని తలుస్తారు. ఈ సహజీవనాన్ని దయాగుణమనో, నమ్మకమనో చెప్పి ఊరుకుంటే దాని చరిత్రలో సగం మరుగున పడుతుంది. పురుడు పోయడమంటే ఖర్చు. ఆ ఖర్చును ఎవరు ఎలా సర్దుకున్నారన్న దాన్నిబట్టే ఈ ఆచారం నిలిచిందని నా వాదన.

ఇందుకు పాత సాక్ష్యం చెంగల్పట్టు సీమలోని వేడందాంగల్. తెల్లసిపాయిలు చెరువులోని పక్షుల్ని కాలుస్తున్నారని రైతులు మొరపెట్టుకుంటే, కలెక్టరు లయనెల్ ప్లేస్ 1798 ప్రాంతంలో పక్షులకు రక్షణ కల్పిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. రైతుల మొరలో పొలం లెక్క ఉంది: రెట్టలు కలిసిన చెరువు నీరు పారితే మడికి ఎరువు కలిసొచ్చేది. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో ఇదే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ చెట్ల కింద గోతులు తవ్వి, రాలిన రెట్టను చెరువు మట్టితో కలిపి మాగబెట్టి పొలాలకు తోలుకునేవారు. కానీ గూళ్లున్న కాలమూ చింతకాయ దులిపే కాలమూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. చెట్టెక్కితే పిల్లలు కింద పడతాయి, ఎక్కకపోతే ఏడాది చింతపండు పోతుంది. అందుకే చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. కర్నాటిక్ సీమలో ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు పెడుతున్నాయని పక్షిశాస్త్రవేత్త జెర్డన్ 1864లో అచ్చయిన తన పక్షుల గ్రంథంలోనే రాశాడు. అంటే ఈ సర్దుబాటు అటవీశాఖ పరిహారం కంటే పాతది.

ఆడపడుచని పిలుచుకున్న పక్షికి లెక్కలు కట్టడం ఆ ప్రేమను చిన్నబుచ్చడమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నాకలా అనిపించదు. పురుడు పుట్టింటి బాధ్యత అన్న మాటలోనే ఖర్చు ఎవరిదో ఉంది. రెట్ట పడి పెంకులు తెల్లబారినా, ముక్కిన చేపల కంపు వాకిట్లోకి వచ్చినా సహించాలన్న ఒప్పందాన్ని ఆ బంధుత్వమే నిలబెట్టింది. అయితే బంధుత్వం ఊరందరిదీ, నష్టం మాత్రం చెట్టున్న ఇంటిది. రెట్ట ఎరువుకు ఉన్న విలువ ఆ తేడాను కొంత పూడ్చేది. బస్తా ఎరువు వచ్చాక ఆ విలువ పడిపోయింది. చింత కలపకూ పండుకూ ధర మాత్రం తగ్గలేదు.

ఊరిని సంరక్షణ కేంద్రంగా ప్రకటిస్తే చాలదా అన్నది ఇంకో మాట. కొల్లేరు దగ్గర ఆరేడు అనే ఊళ్లోని గూడబాతుల కాలనీని పక్షి పరిశోధకుడు నీలకంఠన్ 1949లో వివరంగా రాశాడు. 1978 నాటికి దాన్ని పోయిన కాలనీగా రాయాల్సి వచ్చింది. గూడున్న ఊరిని కాపాడితేనే చాలదు, ఎందుకంటే పక్షి గూడు పెట్టేది ఒకచోట, మేసేది మరోచోట. తేలినీలాపురంలో 2021 చివర వందకు పైగా గూడబాతులు చచ్చిపడ్డాయి, చేపల ద్వారా సోకిన పురుగులే కారణమన్నారు. ఊళ్లో చెట్టును ఎంత కాపాడినా, మేతకు దిగే చెరువుల మీద ఊరివాళ్లకు అదుపు లేదు. కాబట్టి చింతపండు పరిహారంతో పాటు చుట్టుపక్కల చేపల చెరువుల ఆరోగ్యాన్నీ ప్రభుత్వం పురిటి ఖర్చులోనే రాసుకోవాలి.