ఘోస్ట్ ఇమేజింగ్: గరుకు కాగితముతో ఎక్స్‌రే బొమ్మ

కోవిల్‌పట్టి, విరుదునగరం ఆసుపత్రులలో ఎక్స్‌రే తీయించుకొన్న వారికి పాత పద్ధతి తెలిసినదే. కిరణములు ఒంటిగుండా పోయి వెనుకనున్న ఫిల్ముపైనో డిజిటల్ పలకపైనో పడును; ఎముక అడ్డుపడిన చోట నీడ నిలుచును. ఘోస్ట్ ఇమేజింగ్ అను పద్ధతిలో వస్తువు వెనుక బొమ్మను పట్టు పలకయే ఉండదు. దయ్యమునకు దీనితో సంబంధము లేదు. వస్తువును చూడని కెమెరా సాయముతో దాని బొమ్మ వచ్చుటచే ఆ పేరు కలిగినది.

కరిసల్ నేలపై వాన అంతటను ఒక్క తీరుగా కురియదు కదా. చీకటి పెరటిలో ఎక్కడనో ఒక గంగాళము ఉన్నదనుకొందము. దానిలో పడిన నీరు దానిలోనే నిలుచును. మిగిలినదంతయు ఒకే తొట్టిలోనికి పారును. ఏ వాన ఏ మూల ఎంత కురిసెనో తెలిసియుండి, ప్రతి వానకు తొట్టి నీటిని కొలిచినచో, నీరు తగ్గిన వానలు గంగాళముపై ఎక్కువ కురిసినవని తేలును. ఇట్టి వేల కొలతలను పోల్చినచో గంగాళము ఉన్న చోటు, ఆకారము బయటపడును. ఆ లెక్క కంప్యూటరు పని.

1995లో అమెరికాలోని మేరీలాండ్ పరిశోధకులు జంట కాంతికణములతో దీనిని చూపిరి. ఎక్స్‌రేలతో 2016లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్, చైనాలోని షాంఘై సింక్రోట్రాన్ కేంద్రములలో సాధ్యమైనది. గ్రెనోబుల్ యంత్రపు చుట్టుకొలతయే 844 మీటర్లు! 2018లో బీజింగ్ పరిశోధకులు బల్లపై పట్టు పరికరముతోనే సాధించిరి. కిరణములకు అడ్డుగా వారు తిప్పినది గరుకు కాగితము. మొదట వస్తువు లేకుండ, కాగితపు ఒక్కొక్క స్థానమున ఏర్పడు మచ్చల తీరును కెమెరాతో నమోదు చేయుదురు. పిదప కెమెరా తీసి, వస్తువును నిలిపి, కాగితమును అవే స్థానములకు త్రిప్పి, మొత్తము కిరణబలమును మాత్రము కొలుతురు. స్థానము తప్పినచో లెక్క చెడును.

మోతాదు తగ్గుననుట ఇందలి పెద్ద ఆశ. అయితే ఒక్కొక్క కొలత స్వల్పమైనను వేల కొలతల మొత్తమునే లెక్కించవలెను. అందుచే లాభమెంతో పరిశోధకులలోనే భేదాభిప్రాయములు కలవు. ఊపిరి తీయు రోగి కదలిక మరియొక చిక్కు. పైగా మామూలు ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్టు లోపే. ప్రకృతి నుండి మనిషికి ఏటా సగటున అందునది 2.4. ఛాతీ సి.టి. స్కాన్‌లో అది 5 నుండి 7 వరకు ఉండును గనుక, తగ్గింపు అవసరము అక్కడనే ఎక్కువ.

క్షయ అనుమానముతో వైద్యుడు ఎక్స్‌రే వ్రాసినచో ఈ కొత్త పద్ధతి వచ్చువరకు ఆగరాదు. గర్భిణులు ముందే చెప్పవలెను. పాత ఫిల్ములు దాచి చూపినచో మరల తీయించు పని కొన్నిమార్లు తప్పును.