ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగు సామెత. ఫిన్లాండ్‌లో ఇముడుతాయి. అక్కడి జంట చాకుల ఒరలో పెద్ద చాకుకు ఒక అర ఉంటుంది, దాని ముందు అంటిపెట్టుకుని చిన్న చాకుకు ఇంకో అర ఉంటుంది. కట్టెపనికి పెద్దది, సన్నపనికి చిన్నది. నేపాలీ కుక్రీ ఒర ఇంకా గడుసుది. దాని వెనక జేబులో ‘కర్ద’ అనే బుల్లి చాకు, ‘చక్‌మక్’ అనే మొద్దు ఉక్కు ముక్క కూడా దూరి కూర్చుంటాయి. చక్‌మక్‌తో కుక్రీ వాదరను సరిచేయవచ్చు, రాయిమీద కొట్టి నిప్పు రాజేయవచ్చు. మన చెకుముకి కూడా ఆ మాటే.

అడవిలో దొరికినదానితోనే నిప్పు, నీడ, నీళ్లు, తిండి సమకూర్చుకునే విద్యకు ఇప్పుడు బుష్‌క్రాఫ్ట్ అనే పేరు స్థిరపడింది. ఆ పనికని నడుముకు కట్టుకునే చిన్న కత్తిని ఎంచుకునేవారు సాధారణంగా ఉక్కు రకం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఒర అంటే వాళ్లకు సరుకుతోపాటు వచ్చే పొట్లం కాగితం. కత్తుల చరిత్ర మాత్రం అలా నడవలేదు. ఉత్తర ఐరోపా పల్లెల్లో ఈ చిన్న కత్తి అలుగు శతాబ్దాలపాటు ఇంచుమించు ఒకేలా ఉండిపోయింది. బుద్ధంతా ఒరమీదే ఖర్చయింది.

ఆ బుద్ధి ఎంత పాతదో 1991 సెప్టెంబరులో తెలిసింది. ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని ఓట్జ్‌టాల్ ఆల్ప్స్ మంచులో ఒక మనిషి దేహం బయటపడింది. అతను చనిపోయి సుమారు 5,300 ఏళ్లయింది. పరిశోధకులు ఓట్జీ అని పిలిచే ఆ మనిషి వెంట ఒక బాకు ఉంది. చెకుముకి రాతి అలుగు, యాష్ చెట్టు కర్ర పిడి, మొత్తం కలిపి 13 సెంటీమీటర్ల పొడవు. దానికి ఒర కూడా ఉంది. లిండెన్ చెట్టు నారతో అల్లిన ఆ ఒరకు పక్కన, నడికట్టుకు కట్టుకోవడానికి తోలు కన్నం ఉంది. లోహపు కత్తులు ఇంకా ఇంటింటికీ రాని కాలంలోనే, కత్తి జారిపోకుండా, నడిచేటప్పుడు తొడకు గుచ్చుకోకుండా ఉండే ఏర్పాటు పూర్తయిపోయింది. ఆ బాకూ ఒరా ఇప్పుడు ఇటలీలోని బోల్జానో మ్యూజియంలో ఉన్నాయి.

తోలు ఒరల సంగతి తెలియాలంటే బురదకు దండం పెట్టాలి. పొడినేలలో తోలు పురుగుల పాలవుతుంది. గాలి చొరని తడినేలలో అది వందల ఏళ్లు నిలుస్తుంది. 1976 నుంచి 1981 వరకు ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో కాపర్‌గేట్ వీధిని తవ్వినప్పుడు వైకింగుల కాలపు తోలు వస్తువులు గుట్టలుగా దొరికాయి. లండన్‌లో థేమ్స్ ఒడ్డున మధ్యయుగపు ఒరలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే తోలు ముక్కను మడిచి వెనకవైపు నిలువునా కుట్టినవి. ముందువైపు కుట్టు కనిపించదు, అక్కడ గీతలు, లతలు, కులచిహ్నాలు అచ్చొత్తారు. కుట్టు వెనక ఉండటం అందానికి మాత్రమే కాదు. అలుగు వాదర ఒర అంచున ఉన్న మడతకు తగులుతుంది కానీ దారానికి తగలదు. ఈ సంగతి మరిచిపోయిన ఫ్యాక్టరీ ఒరలు ఈ రోజుకీ కుట్లు తెగి వస్తున్నాయి.

స్వీడన్‌లోని డాలర్నా ప్రాంతంలో మూరా పట్టణం పక్కన ఓస్ట్‌నోర్ అనే ఊరుంది. వారసుల మధ్య పంపకాలయ్యీ అయ్యీ పొలాలు బెత్తెడు ముక్కలైపోవడంతో అక్కడి రైతులు చేతిపనుల మీద పడ్డారు. నిలువు గడియారాలు చేశారు, కత్తులు చేశారు. అమెరికా వెళ్లి తిరిగొచ్చిన ఫ్రోస్ట్-ఎరిక్ ఎర్సన్ 1891లో ఇక్కడ కలప లాగే స్లెడ్జిబండ్ల కార్ఖానా పెట్టాడు. పనివాళ్లకు కత్తులు కావలసివచ్చి అవీ చేయించాడు. కొన్నాళ్లకు బండ్లు వెనకబడి కత్తులు మిగిలాయి. 1912లో అదే ఊళ్లో క్రాంగ్-యోహన్ ఎరిక్సన్ పోటీగా ఇంకో కార్ఖానా తెరిచాడు. దాదాపు శతాబ్దం పోటీపడ్డాక రెండూ 2005లో కలిసిపోయాయి. 2016 నుంచి ఆ సంస్థ పేరు మోరక్నివ్. ఎర్ర రంగు పూసిన బర్చ్ కర్ర పిడి, మెత్తని ఇనుప రేకుల మధ్య గట్టి ఉక్కును ఇరికించి సాగగొట్టిన అలుగు: ఇదీ పాత మూరా కత్తి రూపం. వడ్రంగి, జాలరి, కరెంటు పనివాడు, బడిపిల్లవాడు అందరిదీ అదే కత్తి. దాని ధర ఎప్పుడూ సామాన్యుడికి అందుబాటులో ఉంది. ప్రపంచమంతా ఆ కత్తిని తలకెత్తుకోవడానికి సగం కారణం అదే.

పక్కదేశం ఫిన్లాండ్‌లో కౌహవా చాకుల ఊరు. ఈసాక్కి యార్వెన్‌పా అక్కడ 1879లో పని మొదలుపెట్టాడు. పిడి చివర గుర్రం తల ఆకారం ఉన్న చాకు ఆ ఊరి గుర్తుగా నిలిచిపోయింది. ఉత్తరాన రొవానియెమిలో మార్తీని కార్ఖానా 1928లో వచ్చింది. ఫిన్నిష్ చాకుకు చేతిని అడ్డుకునే కడ్డీ ఉండదు. పిడి సగానికి పైగా ఒరలోకి దిగిపోతుంది. పిడి నడుమ కాస్త ఉబ్బుగా ఉంటుంది, తోలు ఆ ఉబ్బును పట్టుకుంటుంది. అందుకే దానికి బొత్తాం అక్కర్లేదు, పట్టీ అక్కర్లేదు. ఒర లోపల అలుగు ఆకారంలో తొలిచిన కర్ర తొడుగు ఉంటుంది. వాదర కర్రకే తగులుతుంది, తోలు జోలికి రాదు. కుట్టు మాత్రం వెనకే. ఒర పైభాగాన తోలు ఉచ్చు వదులుగా వేలాడుతుంది. మనిషి కూర్చున్నా, మోకాలు వంచినా ఒర పక్కకు ఊగి తప్పుకుంటుంది. బుష్‌క్రాఫ్ట్ ఒరకు ఈనాడు ఎవరు ఏ మార్పు చేసినా, దాన్ని ఈ పాత ఫిన్నిష్ ఒరకు దగ్గర చేయడమే.

అడవి విద్య గురించి అమెరికాలో ‘నెస్‌మక్’ కలంపేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో ‘ఉడ్‌క్రాఫ్ట్’ పుస్తకంలో పెద్ద పెద్ద వేటకత్తులను వెక్కిరించి, పలుచని చిన్న అలుగును మెచ్చుకున్నాడు. హోరేస్ కెఫర్ట్ 1906లో వెలువరించిన పుస్తకంలోనూ అదే మాట. రెండో ప్రపంచ యుద్ధంలో అడవుల్లో చిక్కుకున్న సైనికులను రక్షించే దళంలో పనిచేసిన ఆస్ట్రేలియన్ రిచర్డ్ గ్రేవ్స్ 1950లలో ‘బుష్‌క్రాఫ్ట్’ పేరుతో చిన్న పుస్తకాలు తెచ్చాడు. కెనడాలోని అల్బర్టాలో పాఠాలు చెప్పిన మోర్స్ కొచాన్‌స్కీ (1940–2019) 1980ల చివర్లో వచ్చిన తన పుస్తకంలో చౌకైన మూరా కత్తినే నెత్తిన పెట్టుకున్నాడు.

ఈలోగా సినిమా అడ్డొచ్చింది. 1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’లో ర్యాంబో చేతిలోని కత్తిని జిమ్మీ లైల్ చేశాడు. వెన్నుమీద రంపపు పళ్లు, బోలు పిడి, పిడిలో అగ్గిపుల్లలు. నిపుణుడైన లైల్ చేతిలో అది గట్టి కత్తే. దాన్ని చూసి మార్కెట్లోకి వచ్చిన నకళ్లు మాత్రం పిడి దగ్గర పుటుక్కున విరిగేవి. పిడి బోలైతే అలుగుకు వేరు ఉండదు కదా. ఆ జోరు తగ్గాక బ్రిటన్‌లో రే మియర్స్ తన అడవి పాఠశాల ఉడ్‌లోర్ కోసం ఆలన్ వుడ్ చేత చేయించిన కత్తి మళ్లీ సాదాతనానికి దారి తీసింది. సుమారు 4 మిల్లీమీటర్ల మందం, పిడి పొడవునా సాగిన ఉక్కు, అరచేతికి సరిపడే అలుగు. ఇవాళ బుష్‌క్రాఫ్ట్ కత్తి పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలా భాగం దాని సంతానమే.

ఇంతకీ ఎలాంటిది కొనాలి? కొచాన్‌స్కీ చెప్పిన కొలత ఇప్పటికీ చెల్లుతుంది: అలుగు పొడవు అరచేతి వెడల్పంత. ఇంచుమించు 10 సెంటీమీటర్లు. అంతకు మించితే మొన చేతికి దూరమై సన్నపనికి లొంగదు. మందం 2.5 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య చాలు. వెన్నుమీద కర్రతో బాది కట్టెలు చీల్చే అలవాటున్నవారికి మందం ఎక్కువ కావాలి. ఊరికే చెక్కుకునేవారికి పలుచనిదే హాయి. పిడి చివరిదాకా ఉక్కు ఉండాలని అంగడివాళ్లు పట్టుబడతారు. మంచిదే కానీ తప్పనిసరి కాదు. ఫిన్నిష్ చాకులన్నీ పిడిలోకి దిగిన సన్నని ఉక్కు తోకతోనే తరతరాలు నడిచాయి. కూడని పని చేయిస్తే ఏ తోకైనా విరుగుతుంది.

వాదర తీరు ముఖ్యం. ‘స్కాండి’ సాన అంటే అలుగు వెడల్పులో కింది మూడోవంతు నుంచి వాదర దాకా ఒకే వాలు. రెండు పక్కల వాలూ కలిపితే 20 నుంచి 25 డిగ్రీలు. ఆ వాలును సానరాయిమీద బల్లపరుపుగా ఆనించి రాస్తే చాలు. కోణం కుదరలేదనే బాధ లేదు, అందుకే కొత్తవారికి ఇదే మేలు. వెన్ను అంచులు గుండ్రంగా కాక నిక్కచ్చిగా లంబకోణంలో ఉండాలి. ఫెర్రో కడ్డీ గీసి నిప్పురవ్వలు రాల్చేది ఆ అంచుతోనే. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో కనిపెట్టిన, ఆ కడ్డీలోని మిశ్రలోహం చెకుముకికి కొత్త వారసుడు. ఉక్కు విషయంలో తగువు అనవసరం. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది, అంత సులువుగానే తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలేచోట స్టెయిన్‌లెస్ తీసుకోవడమే తెలివి. చివరగా, కత్తి పట్టుకుని ఒక పుల్లను పావుగంట చెక్కి చూడాలి. అరచేతిలో ఎక్కడైనా ఎర్రబడితే, ఎంత పేరున్న కత్తైనా ఆ చేతికి అది తగదు.

ఇక ఒర. ఫ్యాక్టరీ ఒరలో ముందుగా చూడవలసింది తోలు జాతి. చెట్టుబెరడుతో ఊనిన తోలే ఒరకు పనికొస్తుంది. నీళ్లలో నానితే మెత్తబడి, ఆరితే ఇచ్చిన ఆకారంలో బిగుసుకుపోయే గుణం దానిదే. క్రోమియం లవణాలతో ఊనే పద్ధతి 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో పుట్టింది, మద్రాసులో 1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దాన్ని ప్రయోగించాడు. ఆ తోలు బూట్లకు బంగారం. ఒరకు దండగ. మెత్తగా సాగుతుంది, ఆకారం నిలుపుకోదు, తడి తగిలితే దానిలోని లవణాలు కార్బన్ ఉక్కును తినేస్తాయి. తెలుగు నేలకు ఇక్కడ సొంత సంబంధం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ పేరుతో బ్రిటన్‌కు ఓడలెక్కిన తోళ్లను ఊనింది తంగేడు బెరడుతో. బతుకమ్మలో పేర్చే పువ్వు, ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఆ చెట్టుదే.

తోలు మంచిదై కుట్టు చెడ్డదైతే ఒరను బాగుచేయవచ్చు. పక్క కుట్టు ఉన్న ఒరను విప్పి, రెండు పొరల మధ్య వాదర వైపు అర సెంటీమీటరు వెడల్పున్న తోలు పట్టీ ఇరికించి మళ్లీ కుట్టాలి. వాదర ముందు ఆ పట్టీకి తగులుతుంది, దారం భద్రంగా ఉంటుంది. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడొస్తుంది. చేతికుట్టులో ఒకే దారం, రెండు చివరలా రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి కన్నంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. ఒక కుట్టు తెగినా పక్కది నిలుస్తుంది. లినెన్ దారానికి తేనెమైనం పట్టించాలి. చివర మూడు కన్నాలు వెనక్కి కుడితే ముడి అక్కర్లేదు.

తర్వాతది తడి అచ్చు. ఒరను గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచాలి. కత్తికి ఆముదమో కొబ్బరినూనో రాసి, పలుచని ప్లాస్టిక్ పొర రెండు చుట్లు చుట్టి ఒరలోకి దించాలి. తోలు జున్నులా మెత్తగా ఉంటుంది. బొటనవేళ్లతో పిడి ఉబ్బు చుట్టూ, అలుగు మొదలు దగ్గర నొక్కుకుంటూ పోతే, కత్తి ఆకారం తోలుమీద ఒక్కొక్క గీతగా తేలి వస్తుంది. గోళ్లు తగలకూడదు, ఆ గాటు మళ్లీ పోదు. నీడలో ఒకరోజు ఆరనివ్వాలి. ఎండలో పెట్టినా, పొయ్యి దగ్గర పెట్టినా తోలు పెళుసెక్కి పగులుతుంది. ఆరాక ఒరను తలకిందులు చేసి విదిలిస్తే కత్తి కదలకూడదు. బొటనవేలితో ఒర అంచును నెడితే మాత్రం టక్కుమని ఊడాలి. ఈ రెండూ కుదిరితే ఒర కుదిరినట్టే.

బెల్టు పట్టీ ఒరకే కుట్టి ఉంటే దాన్ని కోసేసి, ఇత్తడి రింగుతో వేలాడే ఉచ్చు వేసుకోవడం మంచిది. జీపు సీట్లో కూర్చున్నప్పుడు డొక్కలో పొడవదు. ఒర అడుగున చిన్న కన్నం పొడిస్తే వాననీరు కారిపోతుంది. ఫెర్రో కడ్డీకి పక్కన ఒక గొట్టం కుట్టుకోవచ్చు, కుక్రీవాళ్లు చక్‌మక్‌కు చేసినట్టే. పైపూతకు తేనెమైనం కరిగించి వెచ్చగా రుద్దితే చాలు. నూనె మోతాదు మించితే కష్టపడి తెచ్చిన గట్టిదనమంతా పోతుంది.

భారత ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. 4 అంగుళాల అడవి చాకు ఆ కొలతకు చాలా లోపే. అయినా విమానంలో చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు.

ఒర ఎంత బాగా కుదిరినా అది దారిలో వాడుకోవడానికే. ఇంటికి చేరాక కత్తిని తుడిచి, నూనె చెయ్యి తగిలించి విడిగా పెట్టాలి. తోలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, వానాకాలంలో ఆ చెమ్మ మధ్య నాలుగు రోజులుంటే చాలు, కార్బన్ ఉక్కుమీద ఎర్రని చుక్కలు తేలతాయి. కత్తి ఒక మేకుకు, ఒర ఇంకో మేకుకు.