ప్రైవేటు పాట: లక్కపళ్ళెం నుంచి యూట్యూబు దాకా

గోదావరి డెల్టాలోని మొగల్తూరుకు సినిమా కొత్త కాదు. ఉప్పలపాటి కృష్ణంరాజుది ఈ ఊరే. 1966లో 'చిలకా గోరింక'తో తెర మీదికొచ్చారు. కొణిదెల శివశంకర వరప్రసాద్‌దీ ఈ ఊరే. 1978లో 'ప్రాణం ఖరీదు' నాటికి చిరంజీవి అయ్యారు. పంటకాలవల నడుమ ఉన్న ఒక్క ఊరి నుంచి ఇద్దరు కథానాయకులంటే మాటలు కాదు. అయితే ఇద్దరూ లోకానికి తెలిసింది మద్రాసు సినిమా ద్వారానే. పాటగాడి సంగతీ అంతే. సినిమాలో పాడితే గాయకుడు, లేకపోతే తీర్థాల్లో మైకు పట్టుకునే కుర్రాడు.

ఆ లెక్క ఇప్పుడు మారింది. పేరుపాలెం బీచిలో సెల్‌ఫోనుతో తీసిన పాట సాయంత్రానికల్లా కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేసుకుంటున్న డెల్టా జనం చేతుల్లో మోగుతుంది. పాట వెళ్ళడానికి దారి దొరికింది. అదే దారిన పైకం వెనక్కొస్తుందా, వస్తే ఎవరి గుమ్మం ముందు ఆగుతుంది అన్నదే తేలాల్సింది. ఈ తగవు యూట్యూబుతో మొదలైంది కాదు. దీని వయసు నూట ఇరవై ఏళ్ళు పైనే.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించి రికార్డు చేశాడు. ఆ పళ్ళెం లక్కతో చేసింది. ఒక పక్కకు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. మన పాట ఇవాళ్టికీ ఎక్కువగా కొద్ది నిమిషాలకు మించకపోవడానికి ఆ పళ్ళెం కూడా ఒక కారణం. తెలుగులో నాటకాల పద్యాలు ముందు రికార్డులకెక్కాయి. రైలు ఛార్జీ పెట్టుకుని వెళ్ళి చూడలేని నటుణ్ణి ఇంట్లో కూర్చుని వినొచ్చు, అందుకే కొన్నారు. 1940లలో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి, ఎం.ఎస్. రామారావు లాంటివాళ్ళు సినిమాతో సంబంధం లేని పాటలు రికార్డులకు పాడారు. వాటినే జనం ప్రైవేటు పాటలన్నారు. తర్వాత ఘంటసాల వచ్చారు. కరుణశ్రీ పద్యాలు 'పుష్పవిలాపం' ఆయన గొంతులో ఊరూరా తిరిగాయి. 1974 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాక కూడా భగవద్గీత రికార్డు ఆంధ్రదేశమంతా మోగుతూనే ఉంది. సినిమా ఆసరా లేని పాట ఏమాత్రం నిలుస్తుందని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆ గీతనే.

రికార్డు కంపెనీల పద్ధతి ఒకటే. పాడినవాళ్ళకు ఒకసారి ముట్టజెప్పే సొమ్ము, పేరున్నవాళ్ళకైతే కొంత రాయల్టీ, రికార్డు మాత్రం కంపెనీది. ఇక్కడే చాలామంది తడబడే సంగతి ఒకటుంది. ఒక పాటలో హక్కు ఒకటి కాదు. రాసినవాడిది ఒకటి, బాణీ కట్టినవాడిది ఒకటి, దాన్ని పట్టి ఉంచిన రికార్డింగుది ఇంకొకటి. మన చట్టంలో రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత అరవై ఏళ్ళు, రాసినవారి హక్కుకు వారు పోయాక అరవై ఏళ్ళు గడువు. 'పుష్పవిలాపం' తొలి రికార్డు 1950ల నాటిది, దాని గడువు తీరిపోయింది. కరుణశ్రీ 1992లో పోయారు కాబట్టి పద్యాల మీద హక్కు 2052 చివరిదాకా ఉంటుంది. పాత పాటే కదా అని తానే పాడి ఛానల్లో పెట్టేవాడు సాధారణంగా ఈ రెండో లెక్క చూసుకోడు.

1980లలో క్యాసెట్టు వచ్చి కంపెనీల ధీమా కాస్త సడలించింది. రెండు డెక్కుల టేపు రికార్డరు ఉన్నవాడు ఇంట్లోనే నకళ్ళు తీసుకోగలిగాడు. జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంతు షాపుల్లో కంటే చేతులు మారుతూనే ఎక్కువ దూరం వెళ్ళాయి. మన వైపు ఇంకో పాయ ఉంది, దాన్ని సాహిత్యం రాసేవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురంలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్ పెట్టారు. అప్పటి నుంచి డెల్టాలో క్రైస్తవ కీర్తనకు పెద్ద శ్రోతల సమూహం తయారవుతూ వచ్చింది. క్యాసెట్టు కాలంలో సభల దగ్గర, చర్చి గుమ్మం ముందు టేపులు అమ్మారు. ఇవాళ గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ వాళ్ళ కొత్త సంవత్సరం పాటల కోసం జనం ఎదురుచూస్తారు. సినిమాను అడక్కుండా, కంపెనీ గుమ్మం తొక్కకుండా పాట చేసుకుని జనానికి చేర్చడంలో తెలుగునాట అందరికంటే ముందున్నది వీళ్ళేనని నా అభిప్రాయం.

వీడియో సంగతికొస్తే, 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలయ్యాక పాటకు బొమ్మ తప్పనిసరి అయింది. మనకు ఆ గాలి 1990లలో ఉపగ్రహ ఛానళ్ళతో వచ్చింది. ఆలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా' 1995లో ఊపేసింది. తెలుగులో 2000లో స్మిత 'హై రబ్బా' వచ్చింది. కానీ టీవీలో పాట పడాలంటే మంచి కెమెరా, ఎడిటింగు, పరిచయాలు కావాలి. మొగల్తూరు ఆర్కెస్ట్రా కుర్రాడికి అది కూడా మద్రాసంత దూరమే.

యూట్యూబు 2005లో పుట్టింది, మరుసటేడే గూగుల్ 165 కోట్ల డాలర్లకు కొనేసింది. 2007లో రెండు పనులు చేసింది. వీడియో పెట్టినవాళ్ళకు ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం ఒకటి. కంటెంట్ ఐడీ అనే యంత్రం రెండోది. పాట హక్కుదారు తన రికార్డింగును అందులో భద్రపరిస్తే, లోకంలో ఎవరు ఆ పాట పెట్టినా యంత్రం పట్టేస్తుంది. ఆ వీడియోను తీయించొచ్చు, లేదా ఉంచి దాని మీద వచ్చే ప్రకటన సొమ్మును తనకు మళ్ళించుకోవచ్చు. చాలామంది రెండోదే ఎంచుకుంటారు. జాగ్రత్తగా చూస్తే పాట ఆదాయం చరిత్రలో అసలు మలుపు ఈ యంత్రమే. ఎవరి పెళ్ళి వీడియోలోనో మోగిన పాటకు కూడా పద్దు రాసే గుమాస్తా దొరికాడు.

మన ఊళ్ళకు ఇదంతా నిజంగా చేరింది 2016 సెప్టెంబరులో జియో వచ్చాకే. డేటా చవకైంది, చేలో ఉన్నవాడూ చూశాడు. 2018 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా వడిసలేరుకు చెందిన పసల బేబీ అనే ఇల్లాలు 'ప్రేమికుడు' సినిమాలోని పాట పాడుతుంటే ఎవరో ఫోనులో పట్టారు. ఆ వీడియోను ఏ.ఆర్. రహమాన్ స్వయంగా తన ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. సంగీత దర్శకుడు కోటి పాడే అవకాశమిచ్చారు. చిరంజీవి ఇంటికి పిలిపించుకున్నారు. మొగల్తూరాయన వడిసలేరావిడను హైదరాబాదులో కలుసుకోవడానికి కారణం ఒక చిన్న ఫోను వీడియో! కానీ లెక్క ప్రకారం చూస్తే అలాంటి వీడియోల్లో పాట సినిమాది, బాణీ వేరొకరిది, పెట్టిన ఖాతా ఇంకొకరిది. పాడిన గొంతుకు పేరొస్తుంది, పద్దు రాదు. అందుకే ఆ తర్వాత కోరుకొండ వైపు గాడరాడకు చెందిన రఘు కుంచె ఆవిడ కోసం లక్ష్మీభూపాల చేత కొత్త పాట రాయించి, తానే బాణీ కట్టి పాడించడాన్ని నేను పెద్ద విషయంగా చూస్తాను. సినిమా పాటను అనుకరించే గొంతు అప్పుడు తన పాటకు తాను గాయని అయింది.

ఇక 2021 'బుల్లెట్టు బండి' సంగతి. పాడింది ఏలూరు అమ్మాయి మోహన భోగరాజు, రాసింది లక్ష్మణ్, బాణీ ఎస్.కె. బాజీ, తీసింది బ్లూ రాబిట్ సంస్థ. సినిమా లేదు, హీరో లేడు. ఆ ఆగస్టులో మంచిర్యాలలో ఓ పెళ్ళికూతురు ఊరేగింపులో దానికి ఆడిన వీడియో తిరిగాక పాట ఇంకో జన్మెత్తింది. పెళ్ళి వీడియో ఎవరిదైతేనేం, అందులో మోగే రికార్డింగు కంటెంట్ ఐడీలో ఉంటే ఆ పద్దు హక్కుదారుకే చేరుతుంది. సొంత పాటకు, కవరు పాటకు తేడా తెలియాలంటే వడిసలేరునూ ఏలూరునూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

మరి మొగల్తూరులో ఇవాళ పాట చేసేవాడు ఏం చేయాలి? ప్రకటన సొమ్ము కావాలంటే ఛానల్‌కు వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి, లేదా మూడు నెలల్లో షార్ట్స్‌కు కోటి చూపులు. పొడవైన వీడియో మీద ప్రకటన ఆదాయంలో 55 శాతం ఛానల్‌ది. షార్ట్స్ లెక్క వేరు: అందులో ఎవరైనా ఒక పాట వాడితే సగం సొమ్ము సంగీతం హక్కుల వైపు వెళ్తుంది, మిగతాదాంట్లో ఛానల్‌కు 45 శాతం. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించాక ఆ సెప్టెంబరులోనే యూట్యూబు షార్ట్స్‌ను తొలిసారి భారతదేశంలోనే పరీక్షించింది. ఖాతాలో పది డాలర్లు చేరాక గూగుల్ ఒక పిన్ నంబరును పోస్టులో పంపుతుంది. అంత పెద్ద కంపెనీ చివరికి పోస్టుమ్యాన్ మీద ఆధారపడటం నాకు ముచ్చటేస్తుంది. వంద డాలర్లు దాటితేనే బ్యాంకులో పడుతుంది. పన్ను వివరాలు నింపకపోతే అమెరికా లెక్కన మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా పట్టుకోవచ్చు. నింపితే అమెరికాలో చూసినవాళ్ళ వంతు మీద మాత్రమే 15 శాతం. ఈ ఫారం నింపడం మరిచిపోకూడదు.

కంటెంట్ ఐడీలోకి చిన్న కళాకారుడు నేరుగా వెళ్ళలేడు, పంపిణీదారు ద్వారా వెళ్ళాలి. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్, సీడీ బేబీ లాంటివి పాటను స్పాటిఫై, జియోసావన్ వగైరాలకు కూడా చేరుస్తాయి. కొందరు ఏటా రుసుం తీసుకుంటారు, కొందరు వచ్చినదాంట్లో వాటా. నెట్‌లో చవగ్గా కొన్న బీటు మీద పాడితే ఇక్కడ దొరికిపోతారు. అదే బీటును ఇంకా వందమంది కొనుక్కుని ఉంటారు, అది మీ ఒక్కరిదని యంత్రానికి చెప్పుకోలేరు. తాతల నాటి జానపదం ఎవరి సొత్తూ కాదు గానీ, మీరు పాడి రికార్డు చేసిన రూపం మీదే. డోలు, డప్పు వాయించినవాళ్ళతో ఒక కాగితం మాత్రం ముందే రాసుకోవాలి.

కాగితం సంగతి ఎందుకంటే, 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని నోటీసు పంపించారు. ఇన్ని వేల పాటలు పాడిన బాలుకే ఆ పరిస్థితి. 2012లో సవరించిన కాపీరైటు చట్టం పాట రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ రాయల్టీ వాటాను ఎవరూ రాయించేసుకోకుండా అడ్డుకట్ట వేసింది. గాయకులకూ ప్రదర్శన హక్కు గట్టిపడింది. రాసినవాళ్ళు, కట్టినవాళ్ళు తమ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ అనే సంఘంలో సభ్యులుగా చేరొచ్చు. అయినా చిన్న స్టూడియోల్లో, ఊరి ఛానళ్ళలో పాటను మొత్తంగా రాయించుకునే ఒప్పందాలు ఆగలేదు. అయిదు వేలో పదివేలో చేతిలో పెడితే సంతకం పెట్టేస్తారు, ఆ పాట పేలితే ఆ తర్వాత బాధపడతారు.

ఇంతా చేసి, డెల్టాలో చాలామంది పాటగాళ్ళ ఇల్లు గడిపేది యూట్యూబు సొమ్ము కంటే స్టేజీయే. ఇక్కడ తమాషా ఒకటుంది. ప్రకటనలిచ్చే కంపెనీలు దసరా నుంచి డిసెంబరు దాకా బాగా ఖర్చు పెట్టి, జనవరిలో చేతులు ముడుచుకుంటాయి. మన పాటలకు అసలైన గిరాకీ మాత్రం సంక్రాంతికి. కోడిపందేల పాట, అల్లుడి పాట, ముగ్గుల పాట, చూపులన్నీ ఆ మూడు రోజుల్లోనే, ప్రకటన ధర తక్కువగా ఉన్నప్పుడే. అయితే అవే రోజుల్లో తీర్థాలవాళ్ళు, బరులవాళ్ళు ఆ పాట పాడిన మనిషి కోసం ఫోన్లు చేస్తారు. అడ్వాన్సు ఫోన్‌పేలో అప్పటికప్పుడే పడుతుంది. దానికి పిన్ నంబరు రావడం కోసం పోస్టుమ్యాన్ దాకా ఆగనక్కర్లేదు.