కేస్‌లోడ్‌లో సంక్షోభ నిర్వహణ (సమాజ కార్యం)

సమాజ కార్యంలో (సోషల్ వర్క్‌లో) ఒక కార్యకర్త ఏకకాలంలో బాధ్యత వహించే వ్యక్తులు, కుటుంబాల మొత్తాన్ని కేస్‌లోడ్ అంటారు. వీటిలో ఏదైనా ఒక కేసు ముందస్తు సూచన లేకుండా ప్రమాదకర స్థితికి చేరినపుడు, ఆ వ్యక్తికి తక్షణ రక్షణ కల్పిస్తూనే మిగిలిన కేసులకు హాని కలగకుండా చూడటమే సంక్షోభ నిర్వహణ. ఆత్మహత్యా ప్రయత్నం, గృహహింస, పిల్లలు ఇల్లు విడిచి పోవడం, హడావుడిగా తలపెట్టిన బాల్యవివాహం ఇటువంటి సంక్షోభాలకు ఉదాహరణలు. పై నిర్వచనంలో రెండవ భాగం తరచు విస్మరణకు గురవుతుంది. ఆచరణలో మాత్రం కష్టమైనది అదే.

చరిత్ర

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు అగ్నిప్రమాదానికి గురై 492 మంది మరణించారు. బతికి బయటపడినవారికి, మృతుల బంధువులకు చికిత్స చేసిన మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ తీవ్ర దుఃఖం గురించి 1944లో ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాదిగా భావించబడుతుంది. తరువాత జెరాల్డ్ కాప్లాన్ ఈ ఆలోచనను సిద్ధాంతంగా విస్తరించాడు. తనకు అలవాటైన ఉపాయాలతో మనిషి దాటలేని అవరోధం ఎదురైనపుడు సంక్షోభం ఏర్పడుతుందని, అది సుమారు 4 నుండి 6 వారాలలో మంచికో చెడుకో ఒక కొలిక్కి వస్తుందని ఆయన ప్రతిపాదన. ఆ కొద్ది కాలంలో మనిషి ఇతరుల సహాయాన్ని స్వీకరించడానికి ఎక్కువ సిద్ధంగా ఉంటాడు. కనుక ఆలస్యంగా అందే పెద్ద సహాయం కంటే వెంటనే అందే చిన్న సహాయానికి ఈ పద్ధతిలో విలువ ఎక్కువ.

భారతదేశంలో బాలల రక్షణ

భారతదేశంలో బాలల కేసులు చూసే కార్యకర్తకు ఈ వేగాన్ని చట్టమే నిర్దేశిస్తుంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన బాలుడిని లేదా బాలికను, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సమితి సమావేశంలో లేని వేళలలో ఒక్క సభ్యుని ముందు హాజరుపరచినా సరిపోతుంది. (రాత్రివేళ పనికివచ్చే వెసులుబాటు ఇది.) ఫిర్యాదులు ఎక్కువగా 1098 నంబరు ద్వారా వస్తాయి. 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా మొదలైన ఈ చైల్డ్‌లైన్ సేవ 2023లో ప్రభుత్వ యంత్రాంగం నిర్వహణలోకి వచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో తరచుగా ఎదురయ్యే సంక్షోభం బాల్యవివాహం. తెల్లవారుజామున ముహూర్తమని ముందురోజు సాయంత్రం అంగన్‌వాడీ కార్యకర్తకో, ఉపాధ్యాయునికో తెలుస్తుంది. మొదట బాలిక వయసును బడి రికార్డుతో గాని, జనన ధ్రువపత్రంతో గాని నిర్ధారించుకోవాలి. ఇది లేకుండా పెళ్ళింటికి వెళ్తే మాటకు మాట తప్ప ఫలితం ఉండదు. ఆపై పోలీసులను, బాల్యవివాహ నిషేధ అధికారిని వెంటబెట్టుకొని వెళ్ళాలి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ జారీ చేయవచ్చు. దానిని ఉల్లంఘించి జరిపిన వివాహం చెల్లదు. అయితే పెద్దల చేత హామీపత్రం రాయించుకొని వెనుదిరగడంతో పని పూర్తయినట్లు కాదు. పందిరి తీసేశాక మరో ఊరి గుడిలో పెళ్ళి జరిపించే అవకాశం ఉంటుంది. కనుక తరువాతి వారాలలో ఇంటికి వెళ్ళి చూడటం, అవసరమైతే బాలికను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం వంటి ఆశ్రమ పాఠశాలలో చేర్పించడం ఈ కేసులో అంతర్భాగాలు.

మిగిలిన కేసులు

సంక్షోభం వచ్చిన రోజున వాయిదా పడేవి సాధారణంగా గృహసందర్శనలు, అందులోనూ ఫిర్యాదు చేయని ఇళ్ళ సందర్శనలు. ప్రమాదం అక్కడే దాగి ఉండవచ్చు. 2000 ఫిబ్రవరి 25న లండనులో బంధువు, ఆమె సహచరుడు పెట్టిన హింస వలన విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ బాలిక మరణించింది. దీనిపై లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వెలువడింది. బాలిక కేసు చూసిన కార్యకర్త చేతిలో ఒక దశలో 19 కేసులు ఉన్నాయని, ఆ విభాగం నియమాల ప్రకారం గరిష్ఠ పరిమితి 12 మాత్రమేనని అందులో తేలింది. అధిక భారాన్నే కాక, పర్యవేక్షణ లోపాలను, వివిధ శాఖల మధ్య సమాచారం చేరకపోవడాన్ని కూడా నివేదిక తప్పుపట్టింది.

ఈ కారణంగా అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు వారపు ప్రణాళికలో కొంత సమయాన్ని ఖాళీగా ఉంచమంటారు. అకస్మాత్తుగా వచ్చే పనికి చోటు దొరికేది అందులోనే. ఏ ఇంటికి వెళ్ళడం ఒక్కరోజు కూడా ఆగకూడదో గుర్తించిన జాబితా ముందే సిద్ధంగా ఉండాలి. సంక్షోభం తలెత్తిన తరువాత దానిని తయారుచేసే తీరిక ఉండదు. జాబితాలోని ఇళ్ళకు సహోద్యోగిని పంపాలి, మిగతావారికి సందర్శన వాయిదా పడిందని ఫోనులో చెప్పాలి. ప్రతి ఫైలులో చివరి సందర్శన తేదీ, కుటుంబంలో నమ్మదగిన వ్యక్తి ఎవరు, భయపడవలసిన విషయమేమిటి అన్నవి మొదటి పుటలోనే ఉంటే, ఆ కుటుంబాన్ని ఎన్నడూ చూడని సహోద్యోగి కూడా కొద్ది నిమిషాలలో చదువుకొని బయలుదేరగలడు.