గెట్టు మీది పాలపిట్ట



అందమును చూడగోరువారు దూరదేశములకు పయనమగుట లోకమున వాడుక. హిమాలయ శిఖరములను, కాశ్మీర సరస్సులను చూచివచ్చిన వారి ముచ్చటలు మనము చెవియొగ్గి విందుము. వారిని నేను తప్పుపట్టను. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పుట్టి పెరిగిన మనకు ఊరి పొలిమేర దాటకుండనే లభించు అందమొకటి గలదు. అది పాలపిట్ట. దాని చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము.

చరిత్ర యనగా రాజులది, కోటలది గదా, పిట్టకు చరిత్ర యేమని మీలో కొందరు అనుకొనవచ్చును. జగిత్యాల కోటకు చరిత్ర యున్నట్లే పాలపిట్టకును గలదు. మనుష్యులు దానిని ఎట్లు చూచిరి, దేనికై పట్టిరి, ఏల కాపాడదలచిరి అనునదియే ఆ చరిత్ర. అందు మనకును పాలు గలదు.

నా బాల్యమున విజయదశమి నాటి సాయంకాలము మా తాతగారు నన్ను వెంటబెట్టుకొని కోరుట్ల వెలుపలి చెలకలకు పోవుచుండిరి. జమ్మిచెట్టుకు మ్రొక్కి, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెనలు పొందుట ఆనాటి ఆచారము. పాలపిట్టను చూచుటయు అట్టిదే. రావణునిపై దండెత్తబోవు శ్రీరామునకు ఈ పిట్ట శుభశకునమై కనబడెనని మన పెద్దలు చెప్పుదురు. మొదటిసారి పోయిననాడు గెట్టు మీది మోడుపై మట్టివన్నె పిట్ట యొకటి కదలక మెదలక కూర్చుండియుండెను. “ఇదేనా తాతా?” అని చిన్నబోయి అడిగితిని. “తొందరపడకు బిడ్డా, లేచినప్పుడు చూడు” అని తాతగారు నా భుజముపై చేయివేసిరి. కొంతసేపటికి అది నేల మీది మిడుతను గుర్తించి రెక్కలు విప్పెను. ముదురునీలము, లేతనీలము పట్టెలు పట్టెలుగా ఒక్కమారు మెరసెను. మిడుతను ముక్కున గరచుకొని తిరిగి మోడుపై వాలి, రెక్కలు ముడిచి మరల మట్టివన్నె యయ్యెను. ఆ రెప్పపాటు నాకు నేటికిని మరపురాదు.

ఈ పిట్ట పేరును గ్రంథమున కెక్కించిన వారిలో థామస్ జెర్డన్ అను ఆంగ్లవైద్యు డొకడు. అతడు చెన్నపట్టణపు రాజధానిలో సైన్యవైద్యుడుగా నుండి, కొంతకాలము నెల్లూరిలోను పనిచేసెను. 1862 మొదలు 1864 వరకు అతడు ప్రకటించిన ‘భారతదేశపు పక్షులు’ అను గ్రంథమున పిట్టలకు దేశభాషలలోని పేర్లను గూడ పొందుపరచెను. అందు తెలుగు పేరు పాలపిట్ట యని వ్రాసి, దానికి కారణమును ఇట్లు తెలిపెను: పాలు తక్కువ ఇచ్చు ఆవుకు ఈ పిట్ట ఈకలను తరిగి గడ్డితో కలిపి మేపినచో పాలు పెరుగునని ఆ సీమవారి నమ్మకము. ఈకలకు పాలను పెంచు గుణము గలదనుటకు ఆధారము లేదు. కాని నాటి రైతు పాడికిని ఈ పిట్టకును ఏదో చుట్టరికము కలిపి చూచెననుట మాత్రము నిజము.

మన రైతు కొన్ని ఈకలను కోరగా పశ్చిమదేశములవారు బండ్లకొలది కోరిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఐరోపా, అమెరికా దేశముల స్త్రీలు టోపీలను పిట్టల రెక్కలతో అలంకరించుకొనుట గొప్ప ఫ్యాషనుగా నుండెను. ఆ వ్యాపారమునకై లోకమందంతటను పక్షులు లెక్కకు మిక్కిలిగా చంపబడినవి. భారతదేశము నుండి ఓడలకెక్కిన సరకులో మన పాలపిట్ట రెక్కలును ఉండెను. తుదకు 1902లో భారత ప్రభుత్వము పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించెను. 1921లో బ్రిటను దేశము వాని దిగుమతిని అరికట్టు శాసనము చేసెను. అందము పిట్టకు ప్రాణాంతకమగుట అది మొదటిమారు కాదు, కడపటిమారును కాదు.

ఆ నీలిమ మర్మమేమో కనుగొనదలచినవారు మన దేశీయులగు చంద్రశేఖర వేంకటరామన్ గారు. 1930లో నోబెల్ బహుమానము పొందిన ఆ మహాశయుడు 1934లో బెంగుళూరున భారత విజ్ఞాన అకాడమీని స్థాపించిరి. ఆ అకాడమీ పత్రిక తొలి సంపుటముననే పక్షుల ఈకల రంగులను గూర్చి వారి వ్యాసము వెలువడెను. అందు వారు పరీక్షించినది పాలపిట్ట ఈకలనే. సిరిసిల్ల మగ్గముల నడుమ పెరిగినవారికి రంగుల సంగతి చెప్పనక్కరలేదు. నూలు నీలి కావలెనన్న అద్దకపు తొట్టిలో ముంచవలెను. ఎండకును ఉతుకులకును ఆ రంగు వెలిసిపోవచ్చును. పాలపిట్ట ఈకలో నట్టి నీలిరంగు బొత్తిగా లేదు. ఈకలోపల కంటికానని సన్నని గాలిగదులు గలవు. వెలుగు వానిపై బడినప్పుడు నీలికాంతి మాత్రము చెదరి మన కన్నులకు తిరిగివచ్చును. ఈకను నలగగొట్టినచో ఆ గదులు చితికి నీలిమ మాయమగును. ఏ అద్దకమును లేని ఈ నీలిని ఏ వ్యాపారియు ఈక నుండి పిండి తీసికొనజాలడు.

పాలపిట్ట అందము మాత్రమే గాదు, సేద్యగానికి తోడునీడయు. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమునకు చెందిన మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ అను శాస్త్రజ్ఞులు 1912లో భారతదేశపు పక్షుల ఆహారమును గూర్చి ఒక గ్రంథము వెలువరించిరి. పిట్టల కడుపులోని మేతను పరీక్షించి, ఏ పిట్ట పైరుకు మేలుచేయును, ఏది కీడుచేయును అని తేల్చుటయే వారి ఉద్దేశము. పాలపిట్ట మేతలో అధికభాగము పురుగులే. మిడుతలు, పేడపురుగులు, కీచురాళ్లు దానికి ప్రీతి. తేలును గూడ విడువదు. దుక్కి దున్నునప్పుడు అది దాపున వాలుట మీరెరిగినదే.

1931లో ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడగు సలీం అలీ గారు నిజాం ప్రభుత్వపు సాయముతో హైదరాబాదు రాజ్యపు పక్షుల పరిశీలనకు పూనుకొనిరి. మన సీమయు ఆనాడు ఆ రాజ్యములోనిదే. చూచిన పిట్టనెల్ల శకునముగా గాక, దాని ఉనికిని, గూటిని, మేతను లెక్కకెక్కించు పద్ధతికి మన రాజ్యమున అది గొప్ప అడుగు.

2014లో తెలంగాణ రాష్ట్ర మవతరించెను. ఆ సంవత్సరము నవంబరులో పాలపిట్ట రాష్ట్రపక్షిగా, జమ్మి వృక్షముగా, తంగేడు పుష్పముగా, జింక జంతువుగా ప్రకటింపబడినవి. బతుకమ్మలో పేర్చు తంగేడు, దసరాకు మ్రొక్కు జమ్మి, అదేనాడు చూచు పాలపిట్ట, ఇవి మూడును మన చెలకలలోనివే గదా! పిమ్మట 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. ఆ దినమును విజయదశమియే.

ఇక నా తప్పొకటి మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట దసరా నాడు నేనొక పట్టణమున నుంటిని. చెలకలకు పోవు ఓపిక లేకపోయెను. వీధిలో నొకడు పంజరమున పాలపిట్టను పెట్టుకొని ఇంటింటికి చూపుచుండెను. పది రూపాయలిచ్చి మా మనుమరాలిని పిలిచి చూపితిని. ఆ బిడ్డ కొంతసేపు చూచి, “తాతా, ఇది నీలంగా లేదు గదా?” అని అడిగెను. నా బాల్యమున నేనడిగిన ప్రశ్న యదియే. కాని మా తాతగారు చెప్పిన సమాధానము నేను చెప్పజాలకపోతిని. ఆ పిట్ట లేవజాలదు. దాని రెక్కలు దారముతో కట్టబడియుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టుటయు, పంజరమున నుంచుటయు నేరములు. నేను వల పన్నలేదు గాని, వల పన్నినవానికి కూలి యిచ్చితిని. శుభశకునమని చెప్పి ఒక ప్రాణిని బంధింపజేసితిని. ఇది నన్ను చాలదినములు బాధించెను.

పంజరమొక్కటే దానికి ఆపద కాదు. 2023లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ అను నివేదికలో, దేశమున పాలపిట్టల సంఖ్య దీర్ఘకాలమున నూటికి 30 పాళ్లకు పైగా తగ్గినదని తెలుపబడెను. వేలకొలది పక్షిప్రియులు వ్రాసికొన్న లెక్కలే ఆ నివేదికకు మూలము. మన చుట్టు నున్నదే గదా యని మనము లెక్కింపని పిట్ట లెక్కకు తగ్గిపోవుచున్నది.

ఇందులకు మనము చేయదగిన పని ఊరిలోనే యున్నది. పాలపిట్ట తనంతట తాను గూడు కట్టదు. మార్చి మొదలు జూను వరకు చెట్ల తొర్రలలో మూడు మొదలు ఐదు గ్రుడ్లు పెట్టును. తల విరిగిన తాటిమోడు దానికి మంచి యిల్లు. మనము ఆ మోడును పనికిరానిదని నరికి పొయ్యిలో పెట్టుదుము. కల్లు దిగకపోయినను, నీడ లేకపోయినను, ఆ మోడు ఒక కుటుంబమునకు ఆశ్రయమని తెలిసికొని దానిని నిలువనిండు. గెట్టు మీది జమ్మిని, తుమ్మను అవసరము లేక కొట్టకుడు. పురుగుమందును చేతికి వచ్చినంత గాక, పైరుకు వలసినంతయే చల్లుడు. పురుగులతోనే దాని బ్రతుకు. దసరాకు పంజరము తెచ్చినవానికి పైకము ఈయకుడు.

మరుసటి యేట నేను మా మనుమరాలిని కోరుట్లకు తీసికొనిపోతిని. మా తాతగారు నన్ను నిలిపిన గెట్టున పిట్ట లేదు. అచటి మోడును లేదు. రెండు గెట్లు దాటి నడచితిమి. మూడవదానిపై కరెంటు తీగె మీద ఒకటి కూర్చుండియుండెను. బిడ్డ మాటాడబోగా నేను వలదని సైగ చేసితిని. ఎంతో సేపటికి అది లేచెను. ఆ బిడ్డ ఈమారు ప్రశ్న అడుగలేదు. నా చేయి గట్టిగా పట్టుకొనెను.

పెద్దలారా! మా తాతగారు నాకు చూపినదానిని నేను నా మనుమరాలికి చూపుటకు రెండు గెట్లు ఎక్కువ నడువవలసివచ్చెను. ఆమె తన బిడ్డలకు చూపుటకు ఎంత దూరము నడువవలెనో మనము నేడు నిలిపిన మోడులను బట్టి యుండును. రాబోవు దసరాకు మీ యింటి పిల్లలను వెంటబెట్టుకొని గెట్టు మీదికి పొండు. పిట్ట లేచువరకు ఓపికతో నిలువుడు.