ఊపిరి దారిలో చెనక్కాయ

భోజనాల దగ్గర ఎవరికైనా పొలమారిందనుకోండి, మనమేం చేస్తాం? నడినెత్తిన నాలుగు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. కూతురు అత్తారింట్లో ఉంటే కూతురే అయివుంటుంది. కొడుకు హాస్టల్లో ఉంటే, వెధవకి ఇవాళ కడుపు నిండిందో లేదోనని బెంగ పెట్టుకుంటాం. పెద్దవాళ్ళ విషయంలో ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కాని ఏడాదిన్నర పసివాడికి, అదీ నోట్లో చెనక్కాయ గింజ ఉండగా పొలమారితే, తలుచుకున్నదెవరా అని ఆలోచిస్తూ కూచోవడానికి వీల్లేదు.

అన్నీ వదిలేసి చెనక్కాయనే ఎందుకు పట్టుకున్నానంటారా? అనంతపురం సీమలో బతుకంతా దాని చుట్టూ తిరిగింది గనక. కోస్తావాళ్ళు వేరుశనగ అంటారు, తెలంగాణాలో పల్లీ అంటారు, మావైపు చెనక్కాయ, బుడ్డ. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పంతొమ్మిదో శతాబ్దంలో తమిళదేశంలో విస్తారంగా పండించి, పుదుచ్చేరి రేవునుంచి ఫ్రాన్సులోని మార్సెయి నగరానికి ఓడల మీద పంపేవారు, అక్కడి సబ్బుల కార్ఖానాలకు నూనె కావాలని. అనంతపురంలో దాని రాజ్యం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గాని స్థిరపడలేదు. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిసిందాకా నమ్మకం లేదు. 1876-78 నాటి ధాత కరువు చూసిన నేల. అప్పటికింకా జిల్లా కూడా కాదు, బళ్ళారిలో భాగం; 1882లో వేరుపడింది. కొర్రా, ఆరికా, జొన్నా వేసుకుని తిన్న ఎర్రనేలల్లోకి మెల్లగా చెనక్కాయ వచ్చి, తక్కినవాటిని పక్కకు నెట్టేసింది. దేశంలో ఏ జిల్లాలోనూ అంత విస్తీర్ణంలో ఆ పంట లేదనిపించుకుంది. కదిరి పరిశోధనా కేంద్రం పేరు మీద కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి అంటూ విత్తనాలకు ఓ వంశవృక్షమే ఉంది. 2022లో జిల్లా రెండై, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గాని, చెనక్కాయకు ఆ హద్దులతో ఏం పని?

విత్తే కాలానికి ముందు ఆ పల్లెలు చూడాలి. మిషన్లో వేస్తే పప్పు మీది పొర చిట్లి మొలక దెబ్బతింటుందని విత్తనపు కాయలు చేత్తోనే ఒలిచే అలవాటు. వసారాలో ఆడవాళ్ళంతా గుండ్రంగా కూచుంటారు. చేతులు కాయల మీద, మాటలు లోకం మీద, ఒళ్ళో ఓ పసిబిడ్డ. బిడ్డ పేచీ పెడితే నోట్లో నాలుగు పలుకులు. ఎవరు మాత్రం పెట్టరు చెప్పండి? కరువు సీమలో పసివాడికి అందుబాటులో ఉన్న బలమైన తిండి అదే మరి.

చిక్కల్లా ఎక్కడంటే, ఒకటి నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు ముందుపళ్ళతో కొరకడం వచ్చినంత త్వరగా దవడపళ్ళతో నమలడం రాదు. గింజ రెండు బద్దలవుతుంది, పిండి కాదు. అంతలో నవ్వో ఏడుపో ముంచుకొస్తుంది. గట్టిగా ఊపిరి పీలుస్తారు. అన్నం దారిన పోవలసిన బద్ద ఊపిరి దారిన పోతుంది. శ్వాసనాళం కిందికి దిగి రెండుగా చీలుతుందని బళ్ళో చదువుకున్నాం కదా, అందులో కుడివైపు కొమ్మ కాస్త వెడల్పు, కాస్త నిటారు. అంచేత బద్ద ఎక్కువగా అటే జారుతుంది. మన దేశపు ఆసుపత్రుల్లో పిల్లల ఊపిరి దారిలోంచి తీసిన వస్తువుల్లో వేరుశనగదే అగ్రస్థానం. చింతగింజలూ వక్కముక్కలూ దాని తర్వాతే.

పోయిన గింజ ఊరుకుంటుందా? తడి తగిలి ఉబ్బుతుంది. దానిలోని నూనె నాళపు గోడను రేపి వాచేలా చేస్తుంది. కొన్నిసార్లు తలుపులా పనిచేస్తుంది. పీల్చినప్పుడు గాలిని లోపలికి రానిస్తుంది, వదిలేటప్పుడు అడ్డుపడుతుంది. ఆ పక్క ఊపిరితిత్తి బుడగలా బిగిసిపోతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ముడుచుకుపోతుంది. పోనీ ఎక్స్‌రే తీస్తే కనిపిస్తుందా అంటే, పిన్నీసు కనబడినట్టు చెనక్కాయ కనబడదు. దాని వల్ల జరిగిన చేటు మాత్రమే కనబడుతుంది.

ఇప్పుడంటే నోటి దారినే గొట్టం పంపి, మెడ మీద గాటు లేకుండా తీసేస్తున్నారు. పూర్వం ఏం చేసేవారు?

గొంతులో చిక్కినవాటిని కోయకుండా తీయడం గురించి మన సుశ్రుతుడే చెప్పాడు. లక్కతో చేసిన వస్తువు గొంతులో ఇరుక్కుంటే, ముందు ఓ గొట్టం లోపలికి పెట్టి, దాంట్లోంచి కాల్చిన కడ్డీని పంపాలి. లక్క కరిగి కడ్డీకి అంటుకుంటుంది. చన్నీళ్ళు పోసి గట్టిపడ్డాక పైకి లాగాలి. లక్క కాని వస్తువైతే కడ్డీకే లక్కా మైనమూ పూసి పంపాలి. ఎముక అడ్డం పడితే వెంట్రుకల ఉండకు గట్టి దారం కట్టి, జావతో మింగించి, వాంతి చేయించి, దారం పట్టి లాగాలి. అన్నం ముద్ద అడ్డుపడితే మనిషికి తెలియకుండా భుజం మీద పిడికిలితో ఒక్కటి గుద్దాలట! ఆ వైద్యుడి చేతివాటం తలుచుకుంటే ముచ్చటేస్తుంది. అయితే ఇవి గొంతులో, అన్నం దారిలో చిక్కినవాటికి పనికొచ్చే ఉపాయాలు. ఊపిరి దారిలోకి దిగినదాన్ని ఎవరూ చూడలేరు, కడ్డీ అందదు.

ఎంత గొప్పవాడికైనా అంతే. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైలుదారి వేసిన ఇంజనీరు బ్రూనెల్ 1843 ఏప్రిల్‌లో పిల్లలకు గారడీ చేసి చూపిస్తూ నోట్లో పెట్టుకున్న బంగారు అర సావరిన్‌ను లోపలికి పీల్చేశాడు. అది కుడివైపు కొమ్మలో కూచుంది. ఆనాటి మహావైద్యుడు సర్ బెంజమిన్ బ్రోడీ గొంతు కింద గాటుపెట్టి పట్టకారుతో వెతికాడు. దొరకలేదు సరికదా, రోగికి ఊపిరాడక ప్రాణం మీదికొచ్చింది. చివరికి బ్రూనెల్ ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోలేదు. తనను కట్టి తలకిందులు చేయడానికి ఓ తిరిగే బల్ల తయారుచేయించుకున్నాడు. నలభై రోజుల తర్వాత, ఆ బల్ల మీద తిప్పి వీపు తడితే నాణెం నోట్లోకి జారింది. ఆ కబురు విని మెకాలే దొర "బయటికొచ్చేసింది!" అని అరుస్తూ పరుగెత్తాడని చెప్పుకుంటారు. బంగారు నాణెం కాబట్టి సరిపోయింది. నూనె కారే గింజైతే నలభై రోజులు ఆగేదా?

చూడగలగడానికి తొలి ఉపాయం ఒక సంగీతం మాస్టారి బుర్రలో పుట్టింది. మాన్యుయెల్ గార్సియా దగ్గర పాట నేర్చుకోవడానికి యూరపంతా బారులు తీరేది. పాడి పాడి గొంతు చెడగొట్టుకుని వచ్చిన జెన్నీ లిండ్‌ను కొన్ని వారాలు నోరు విప్పొద్దని ఆజ్ఞాపించిన మనిషాయన. అసలు పాట ఎక్కడ పుడుతుందో కళ్ళారా చూడాలని ఆయన కోరిక. 1854లో పారిస్ వీధిలో కిటికీ అద్దాల మీద ఎండ తళుక్కుమనడం చూసి, పళ్ళడాక్టర్లు వాడే చిన్న అద్దం కొనుక్కొచ్చి, చేతద్దంతో ఎండను దానిమీదికి తిప్పి, తన గొంతు తానే చూసుకున్నాడు. స్వరతంతువులు కదులుతూ కనిపించాయి. ఆ తర్వాత నూటొక్కేళ్ళదాకా బతికాడు లెండి. 1868లో ఫ్రైబుర్గ్‌లో కుస్మావుల్ అనే డాక్టరు, కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించి, నిటారుగా ఉన్న గొట్టం గొంతులోంచి పొట్టలోకి దిగుతుందని రుజువు చేశాడు. 1884లో కొకైన్‌తో మొద్దుబార్చడం తెలిసింది. 1897లో అదే ఫ్రైబుర్గ్‌లో గుస్తాఫ్ కిలియన్, 63 ఏళ్ళ రైతు ఊపిరి దారిలోంచి పందిమాంసపు ఎముకముక్కను నోటి దారినే గొట్టంతో బయటికి తీశాడు. ఒక గాయకుడు, ఒక గారడీవాడు, ఒక రైతు: వైద్యచరిత్రలో వీళ్ళ వాటా వీళ్ళకివ్వాలి.

కాని పసిపిల్లల తల్లులందరూ గుర్తుపెట్టుకోవలసిన పేరు మరొకటుంది, షెవాలియర్ జాక్సన్. 1865లో అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. బక్కపలచని పిల్లవాడు. తోటి పిల్లలు ఆయన్ని పెట్టిన హింస ఆయన ఆత్మకథలో చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఓసారి పాడుబడ్డ బొగ్గుగనిలో పడేసి పోయారు. అందుకేనేమో, ఆయనకు నొప్పిపడే పిల్లలంటే ప్రాణం. చిన్నప్పుడే వడ్రంగం పట్టుబడింది. గాజు సామాన్ల మీద బొమ్మలు వేసి ఆ డబ్బుతో డాక్టరు చదువుకున్నాడు. వడ్రంగం చేసిన చెయ్యీ బొమ్మలేసిన చెయ్యీ కలిసి చేసిన పని ఏమిటంటే, సన్నటి గొట్టం చివర్న చిన్న దీపం బిగించడం. అంతకుముందు వెలుగు బయటినుంచి వేసేవారు, లోపల సగం చీకటే. ఇప్పుడు దీపమే వస్తువు పక్కకు వెళ్ళింది.

ఆయన గొట్టంతో తీసి దాచిన 2,374 వస్తువులు ఫిలడెల్ఫియాలో మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల నిండా ఉన్నాయి. పిన్నీసులు, గుండీలు, నాణేలు, ఎముకలు, ఆటబొమ్మలు. ఒక్కరోజూ బడి మానని బిడ్డకిచ్చే బహుమతి పిన్ను కూడా ఉంది. ప్రతిదానికీ వివరాలు రాసిపెట్టాడు. ఊపిరి దారిలో వస్తువు పడితే నూటికి 24 మంది పోయే రోజుల నుంచి, 1936 నాటికి ఆ సంఖ్య రెండుకు దిగింది. చెనక్కాయ మీద ఆయనకు ప్రత్యేకమైన పగ. శాస్త్రంలో దాని పేరు అరాకిస్, అది తెచ్చిపెట్టే రొమ్ము జబ్బుకు ఆయన పెట్టిన పేరు అరాకిడిక్ బ్రాంకైటిస్. దవడపళ్ళు వచ్చి నమలడం నేర్చేదాకా పిల్లలకు గింజలు ఇవ్వొద్దని గొంతు చించుకున్నాడు. బట్టలుతికే క్షారం చక్కెరనుకుని తాగి గొంతులు కాలిన పిల్లల్ని చూసి, అలాంటి డబ్బాల మీద విషం అని రాయాల్సిందేనని పట్టుబట్టి, 1927లో చట్టం తెప్పించాడు. 1930లలో పెన్సిల్వేనియాలోని ఆడవాళ్ళ వైద్య కళాశాలకు అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు. మగ డాక్టర్లు ముఖం చిట్లించే కాలంలో అది చిన్న సంగతి కాదు.

తర్వాత కథ గబగబా నడిచింది. హెరాల్డ్ హాప్‌కిన్స్ 1959లో గాజుకడ్డీలతో కొత్త కటకాల అమరిక కనిపెట్టాక లోపలి దృశ్యం పట్టపగల్లా కనబడసాగింది. 1966లో జపాన్ డాక్టరు ఇకెదా వంగే గొట్టం చూపించాడు. గొట్టంలోంచే పిల్లవాడికి ఊపిరీ మత్తూ అందించే ఏర్పాట్లు వచ్చాయి.

మరి అనంతపురానికి ఇవన్నీ ఎప్పుడొచ్చాయి? అక్కడ వైద్య కళాశాల 2000లో గాని పెట్టలేదు. అంతదాకా పెద్ద వైద్యమంటే కర్నూలుకో బెంగుళూరుకో బస్సెక్కడమే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అప్పుల్లో మునిగిన చెనక్కాయ రైతుకు ఆసుపత్రి బిల్లు అన్నమాట విని గుండె జారకుండా ఉండే రోజు అలా మొదలైంది.

అయినా బిల్లుకంటే, బస్సుకంటే పెద్ద అడ్డు ఇంకోటుంది. బద్ద లోపలికి పోయిన ఆ రెండు నిమిషాలూ బిడ్డ గిజగిజలాడతాడు, దగ్గుతాడు, ముఖం కందుతుంది. తర్వాత, బద్ద ఒకచోట కుదురుకోగానే, హాయిగా ఆడుకుంటాడు! ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. గండం గడిచిందనుకుంటాం. మూడోరోజో పదోరోజో జ్వరం, పిల్లికూతలు. ఉబ్బసమంటారు, నిమ్ము అంటారు, మందులు మారుస్తారు, తాయెత్తు కడతారు. వారాలు గడుస్తాయి. డాక్టరు అడిగే ఒక్క ప్రశ్న, "ఈమధ్య ఏదైనా తింటూ పొలమారిందా?" అన్నదానికి జవాబు స్టెతస్కోపుకు తెలియదు, ఎక్స్‌రేకు తెలియదు. ఆ రోజు ఒలుపు దగ్గర కూచున్న అమ్మకో అవ్వకో తెలుసు. ఒక్కోసారి ఆ అవ్వ, కోడలు తిడుతుందని చెప్పకుండా దాస్తుంది. ఆమెను తిట్టకుండా అడిగిన ఇంట్లో బిడ్డ త్వరగా బాగుపడతాడని నేను గట్టిగా నమ్ముతాను.

దగ్గుతూ ఏడవగలుగుతున్నాడంటే గాలి ఆడుతోందన్నమాట. దగ్గనివ్వాలి, బిడ్డను ఆసుపత్రికి చేర్చాలి. నోట్లో వేళ్ళుపెట్టి గుడ్డిగా వెతికితే గింజ ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళు తాగించడం, అరటిపండు మింగించడం ఊపిరి దారికి పనికొచ్చే వైద్యాలు కావు. అసలు శబ్దమే రాక నీలం తిరుగుతుంటే మాత్రం క్షణం ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి వచ్చేట్టు పడుకోబెట్టి భుజాల మధ్య ఐదుసార్లు చరచాలి, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఐదుసార్లు నొక్కాలి, బయటపడేదాకా అలా మార్చి మార్చి చెయ్యాలి. ఏడాది దాటినవాడికైతే వీపు మీద చరచడంతో బాటు, వెనకనుంచి చేతులు చుట్టి బొడ్డుకు పైన లోపలికీ పైకీ అదిమే పద్ధతి ఉంది, 1974లో హైమ్లిక్ చెప్పింది. అంగన్వాడీలో గాని ఆసుపత్రిలో గాని ఎవరైనా చేసి చూపిస్తానంటే, వంట పొయ్యి మీద ఉన్నా సరే వెళ్ళి నేర్చుకోండి.

ఆపరేషన్ గదిలో జరిగేది మనకు కనిపించదు గాని, వినడానికి బాగుంటుంది. బిడ్డకు మత్తిస్తారు. తల కాస్త వెనక్కి వంచి, నాలుక పక్కనుంచి గొట్టం దింపుతారు. చిట్టచివర వెలుగులో, ఎర్రటి గోడల మధ్య తెల్లగా బద్ద కనిపిస్తుంది. దాన్ని గట్టిగా నొక్కితే పొడి అవుతుంది, పొడి ఇంకా లోతుకు పోతుంది. అందుకని నలపకుండా పట్టుకునే ప్రత్యేకమైన పట్టకారు ఉంది. దాని పేరే పీనట్ ఫోర్సెప్స్, అంటే అచ్చంగా మన చెనక్కాయ పట్టకారు. బద్ద బయటికి రాగానే పని అయిపోలేదు. గొట్టం మళ్ళీ దింపి, రెండో బద్ద ఉందేమో, ముక్కలేమైనా మిగిలాయేమో రెండువైపులా చూస్తారు. అంతా సవ్యంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో బిడ్డను ఇంటికి పంపిస్తారు. మెడ మీద వెతికినా మచ్చ కనబడదు.