వరంగల్ జంపఖానా: శిలాశాసనం నుండి ఫోన్ తెర వరకు

దూరదేశపు వర్తకులకు నమ్మకం కలిగించవలసిన అవసరాన్ని ఓరుగల్లు పాలకులు ఏనాడో గుర్తించారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, ఓడ చెడి ఒడ్డుకు చేరిన సరుకును రాజు స్వాధీనపరచుకోడని, నిర్ణీత సుంకమే గ్రహిస్తాడని ప్రకటించింది. 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలను సందర్శకులు కళ్లారా చూశారు. అక్కడ వస్తువే తనకు సాక్ష్యం.

నేడు కొత్తవాడ మగ్గాలపై నేసిన జంపఖానాను కొనుగోలుదారుడు ఫోన్ తెరపై చూసి ఎంచుకోగలుగుతున్నాడు. చిత్రం రంగును, నమూనాను చూపగలదు. నేత బిగువును, నూలు మందాన్ని చూపలేదు. అందువల్ల యంత్రంపై తయారైన చౌక సరుకు కూడ తెరపై చేనేతగానే చెలామణి కాగలదు. అప్పుడు నష్టపోయేది నేతకారుడే.

వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం ఆ పేరును వాడుకొనే హక్కును నమోదైన ఉత్పత్తిదారులకే పరిమితం చేసింది. అయితే ఆ నమోదు వివరం చిత్రం పక్కన కనబడనంతవరకు ఆ రక్షణ కాగితానికే పరిమితం. మోటుపల్లి శాసనం రేవులో, వర్తకుల కంటి ముందే నిలిచింది. నేటి అంగడిలో ఆ స్థానం తెరదే.